ఇల్లు చూడ్డానికొచ్చిన వాళ్ళు

కపిలేశ్వరపురంలో మా ఇల్లు అమ్మకానికి పెట్టి పదహారు నెలలు ఎదురుచూశాం. 2024 సంక్రాంతికి పెడితే 2025 మే నెలలో పోయింది. ఈ మధ్యలో ఇల్లు చూడ్డానికి తొమ్మిది కుటుంబాలొచ్చాయి. వాళ్ళు ఇంటిని చూశారు. మేం వాళ్ళని చూశాం. చివరికి మమ్మల్ని మేమే చూసుకోవాల్సొచ్చింది.

నాలుగు సెంట్ల స్థలం. మూడు గదుల పెంకుటిల్లు. ముందు వసారా, వీధరుగు. వెనక రెండు కొబ్బరిచెట్లు. పక్కింటివాళ్ళకీ మాకూ ఉమ్మడిగా ఒక నుయ్యి. గౌతమి గట్టుకి నడిచి అయిదు నిమిషాలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి ముప్పయి అయిదు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, గట్టు తెగుతుందేమోనని ఊరంతా రాత్రిళ్ళు కాపలా కాస్తుంటే, మా అరుగు మీదే లాంతర్లు పెట్టుకుని కూర్చున్నారు. 1996 నవంబరు తుపానుకి కోనసీమ కొబ్బరితోటలు నేలకొరిగితే మా ఇంటికి పోయింది వంద పెంకులు. అంత గట్టి ఇల్లు. కొనేవాడే లేడు.

ఈ వ్యాసంలో 'నేను' కనపడదు. ఇల్లు నలుగురిది. మాటా నలుగురిదే.

మేం దూదేకులవాళ్ళం. కాయితాల మీద నూర్‌బాషా, రిజర్వేషన్ లెక్కల్లో బీసీ-బి. మా తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని అంగర, తాతపూడి, వల్లూరు, కోరుమిల్లి తిరిగేవాడు. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎంతమంది పెళ్ళికూతుళ్ళు ఆయన ఏకిన బూరుగుదూది పరుపుల మీద కాపురాలు మొదలెట్టారో లెక్కలేదు. మిల్లు పరుపులొచ్చాక విల్లు గోడకెక్కింది. నాన్న కుట్టుమిషను కొనుక్కుని అరుగు మీద కూర్చున్నాడు. మా ఊరి జమీందారు ఎస్.బి.పి.బి.కె. సత్యనారాయణరావు గారు 1970ల్లో పెట్టిన శ్రీ సర్వారాయ హరికథా పాఠశాల మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆడపిల్లల్ని చేర్చుకుని, తిండీ బసా ఇచ్చి హరికథ నేర్పే బడి. ఆ పిల్లల్లో కొందరు జాకెట్లు కుట్టించుకోడానికి మా అరుగు దగ్గరికే వచ్చేవారు. కొలతలు అమ్మ తీసేది, నాన్న కుట్టేవాడు. రుక్మిణీ కల్యాణం చెప్పే పిల్ల చెయ్యెత్తితే చంక దగ్గర పట్టకుండా ఎంత వదులు వదలాలో మా నాన్నకి తెలిసినంతగా ఇంకో దర్జీకి తెలీదని అమ్మ గొప్పలు పోయేది.

మా ఇంట్లో మాట తెలుగు. అమ్మ, నాన్న, అక్క, అన్నయ్య - అన్నీ తెలుగు పిలుపులే. తెల్లారగానే అమ్మ వాకిలూడ్చి కళ్ళాపి జల్లి ముగ్గేసేది. శుక్రవారం గడపకి పసుపు రాసేది. అదే శుక్రవారం నాన్న నమాజుకి వెళ్ళేవాడు. ఈ రెంటికీ పేచీ ఉందని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు. పీర్ల పండక్కి వీధి వీధంతా ఎత్తుకునేది. మొక్కుకునేవాళ్ళలో మావాళ్ళకంటే పరాయివాళ్ళే ఎక్కువ. పరాయి అన్న మాట ఇప్పుడు రాస్తున్నాం. అప్పుడు ఆ మాటతో పనిలేదు.

1992 డిసెంబరు 6 తర్వాత పనిబడింది. అయోధ్యలో మసీదు కూలిందని రేడియో చెప్పిన మర్నాడు నాన్న మిషను అరుగు మీదికి తేలేదు. ఎవరూ ఏమీ అనలేదు. అయినా తేలేదు. అంతకుముందు మేం ఊరికి 'దూదేకుల సాయిబు గారి పిల్లలం'. ఆ తరవాత బడిలో ఒక పిల్లాడు క్రికెట్ మ్యాచి రోజున 'మీరు ఎవరి వైపు?' అని అడిగాడు. మేం కపిల్‌దేవ్ వైపు. వాడు నమ్మలేదు.

ఆ తరవాత మూడేళ్ళకి కాబోలు జమాతువాళ్ళొచ్చారు. మంచివాళ్ళు. మెత్తగా మాట్లాడారు. నమాజు సరిగా చదవడం నేర్పారు. మాకు అలిఫ్, బే దిద్దించింది వాళ్ళే. రామచంద్రపురంలో బి.ఏ. చదువుకుని హైదరాబాదొచ్చి పత్రికల్లో చేరినప్పుడు, ఉర్దూలోంచి తెలుగులోకీ తెలుగులోంచి ఉర్దూలోకీ వార్తలు మార్చి అన్నం తిన్నామంటే ఆ అక్షరాల చలవే. ఆ రుణం కాదనం. ఐతే వాళ్ళే మా అమ్మతో ముగ్గు మాన్పించారు. గడప పసుపు మాన్పించారు. "అమ్మా, ఇవి మనవి కావు" అన్నారు. అమ్మ వాదించలేదు. చీపురు మూలన పెట్టి లోపలికెళ్ళింది. చాలారోజులు పొద్దున్నే లేచి వాకిట్లో ఊరికే నిలబడేది. చెయ్యి ఖాళీగా ఉండేది.

మా పెద్దన్నయ్య మస్కట్ వెళ్ళి రంగులు వేసే పనిలో కుదిరాడు. గల్ఫ్ డబ్బుతో వసారాకి గచ్చు వచ్చింది, గుమ్మానికి కొత్త తలుపులొచ్చాయి. తలుపులకి ఆకుపచ్చ రంగేశాం. గుమ్మం పైన సిమెంటులో 786 పోయించాడు అన్నయ్య. గోడకి మక్కా పటం వచ్చింది. అంటే మా ఇల్లు ముస్లిం ఇల్లులా కనపడ్డం మొదలెట్టి పాతికేళ్ళు దాటింది, అంతే. అంతకుముందు నలభయ్యేళ్ళు అది ఉత్త ఇల్లు.

నాన్న 2009లో పోయాడు. 2021లో అమ్మ పోయింది. ఇద్దరూ ఊళ్ళోనే మట్టిలో ఉన్నారు. అన్నయ్య మస్కట్‌లో, అక్క తాడేపల్లిగూడెంలో, మేం హైదరాబాదులో, చెల్లెలు కాకినాడలో. తాళం వేసిన ఇల్లు. కొబ్బరిమట్ట పడి పెంకులు పగిలితే కప్పేవాడు లేడు. అయినా అమ్మేవాళ్ళం కాదు. చెల్లెలి మొగుడు చనిపోయాడు. మిషను మీద బతుకుతూ కొడుకుని ఇంజినీరింగులో వేసింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి, "అన్నయ్యా, నా వంతు ఎంతొస్తుంది?" అని అడిగింది. అంతకుముందెప్పుడూ అడగలేదు.

లెక్క చెప్పాం. షరియత్ లెక్క ప్రకారం నాన్న పోగానే అమ్మకి ఎనిమిదో వంతు. మిగిలింది కొడుకులకి రెండేసి పాళ్ళు, కూతుళ్ళకి ఒక్కో పాలు. ఇంటిని 48 వంతులు చేస్తే అమ్మకి ఆరు, కొడుకులకి పధ్నాలుగేసి, కూతుళ్ళకి ఏడేసి. అమ్మ పోయాక ఆమె ఆరూ మళ్ళీ అదే పద్ధతిలో మాకు చేరతాయి. అప్పుడు కొడుకులకి పదహారేసి, కూతుళ్ళకి ఎనిమిదేసి. చెల్లెలికి ఇంట్లో ఆరో వంతు. కొడుక్కి సగమేగా అని ఎత్తిపొడిచే మిత్రులున్నారు, పొడవనీండి. ఆ మాటలో న్యాయముంది. ఐతే ఉమ్మడి ఆస్తిలో హిందూ ఆడపిల్లకి కొడుకుతో సమానంగా వంతిచ్చే చట్టం మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచి, ఎన్టీఆర్ హయాంలో అమల్లోకొచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. కాయితం మీద హక్కు ఎవరికున్నా, అడగడానికి ఆడపిల్ల ఎందుకు భయపడుతుందో రెండిళ్ళలోనూ కారణం ఒకటే.

అలా ఇల్లు బేరానికి పెట్టాం. ముప్పయి రెండు లక్షలు చెప్పాం.

మొదటి ఆర్నెల్లలో ముగ్గురొచ్చారు, వెళ్ళారు. అప్పుడు బ్రోకరు మమ్మల్ని పిలిచి, నుయ్యి పళ్ళెం మీద కూర్చోబెట్టి, తల గోక్కుంటూ చెప్పాడు.

"కోపం తెచ్చుకోకండి. నాకేం పట్టింపు లేదండి బాబూ. మీ నాన్నగారు కుట్టిన నిక్కర్లే తొడుక్కుని పెరిగాను. వచ్చేవాడికుంటది కదండీ?"

అని ఒక పట్టీ చదివాడు. గుమ్మం మీది అంకెలు చెక్కించెయ్యాలి. మక్కా పటం తీసెయ్యాలి. ఆకుపచ్చ తలుపులకి గోధుమరంగు వెయ్యాలి. గుమ్మానికి మామిడాకులు కట్టాలి. గడపకి పసుపు రాయాలి. ఎవరైనా చూడ్డానికొచ్చే రోజు వాకిట్లో ముగ్గుండాలి. తాళం తన దగ్గరుండాలి. "మీరు ఎదురు రావద్దండి. 'హైదరాబాదులో జర్నలిస్టు గారిల్లు' అని చెప్తాను. మిగతాది బయానా అయ్యాక చూసుకుందాం."

"పేరు చెప్పొద్దంటారా?"

"ఆయ్. ముందే ఎందుకండీ?"

మాకు నవ్వొచ్చింది. జమాతువాళ్ళు తుడిపించిన ముగ్గుని బ్రోకరు మళ్ళీ వెయ్యమంటున్నాడు. వాళ్ళు స్వర్గం కోసం. ఈయన రెండు పర్సెంటు కమీషను కోసం. మా అమ్మని మాత్రం అప్పుడూ ఇప్పుడూ అడిగినవాళ్ళు లేరు.

ఇది మా ఊరి వింత అనుకోకండి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో మరీన్ సిటీ అనే చోట 2020లో ఒక నల్లజాతి దంపతులు తమ ఇంటికి వెల కట్టించుకుంటే తొమ్మిది లక్షల తొంభై అయిదు వేల డాలర్లు అన్నారు. వాళ్ళు గోడల మీది కుటుంబం ఫోటోలు, తమ జాతి బొమ్మలు తీసేసి, తెల్లజాతి స్నేహితురాల్ని ఇంటావిడగా కూర్చోబెట్టి ఇంకొకరిచేత వెల కట్టించారు. కొద్ది వారాల్లోనే అదే ఇల్లు పధ్నాలుగు లక్షల ఎనభై వేల డాలర్లు దాటింది. ఇటికలు మారలేదు. ఆ దంపతులు కోర్టుకెక్కారు. గుజరాత్‌లో ఇంకో తీరు. 'కల్లోలిత ప్రాంతాల' చట్టమని 1991 నుంచి ఒకటుంది. ఆ ప్రాంతమని ప్రకటించిన చోట ఇల్లు అమ్మాలంటే కలెక్టరు అనుమతి కావాలి. బలవంతపు అమ్మకాలు ఆపడానికి అన్నారు. తీరా అది హిందువు వీధిలో ముస్లిం, ముస్లిం వీధిలో హిందువు ఇల్లు కొనకుండా గోడలా నిలబడిందని అక్కడివాళ్ళు ఎన్నోసార్లు చెప్పారు. మన దగ్గర ఆ చట్టం లేదు. మన దగ్గర పని 'వాస్తు చూపించుకుని చెప్తాం' అన్న మాటతో జరిగిపోతుంది.

చూడ్డానికొచ్చిన వాళ్ళందర్నీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఒక్కొక్కరిదీ చెప్తాం.

మండపేట నుంచి ఒక వరిధాన్యం వ్యాపారి వచ్చాడు. ఇంటికి దక్షిణం సింహద్వారం, నైరుతిలో నుయ్యి. ఆయన గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. వాస్తు ఆయనకి నిజంగానే నమ్మకం. మాకు ఆయన మీద కోపం లేదు. మాకు తెలిసిన దిక్కు పడమర ఒక్కటే.

ఇంకొకాయన పెద్దవాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "నాకేం లేదు బాబూ. రేపు మనవరాలికి సంబంధాలొస్తే 'సాయిబుల వీధిలో ఇల్లు' అంటారు. వంటింట్లో ఏం వండేవారో అంటారు." ఆయన కోడి, మేక, చేప అన్నీ తింటాడు. గోదావరి పులస దొరికితే పుస్తెలమ్మైనా తింటానని ఆ నోటితోనే నవ్వుతూ అన్నాడు. మా వంటింట్లో వండిందీ అవే.

2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటుకొచ్చింది. ఆ నెల వచ్చిన దంపతులు గదులు చూడనే లేదు. "ఇది వక్ఫ్ స్థలం కాదు కదండీ? టీవీలో చెప్తున్నారు, రేపు బోర్డువాళ్ళొచ్చి మాదంటే?" అన్నారు. వక్ఫ్ అంటే దేవుడి పేర, ధర్మం కోసం ఒకరు రాసిచ్చిన ఆస్తి అనీ, ముస్లిం పేరున్న ప్రతి గడపా వక్ఫ్ కాదనీ, దేవాదాయశాఖ భూమికీ మీ సొంతింటికీ ఉన్న తేడా లాంటిదేననీ చెప్పాం. తలూపారు. వెళ్ళిపోయారు. బిల్లు 2025 ఏప్రిల్‌లో చట్టమైంది. దానిమీద పత్రికలో మేం రెండు భాషల్లో రాశాం. మా ఇంటి బేరం పోయిన సంగతి మాత్రం ఏ భాషలోనూ రాయలేదు.

రాజమండ్రి నుంచి ఒక సయ్యదు గారొచ్చారు. కారు దిగుతూనే సలాం చెప్పారు. మక్కా పటం చూసి మురిసిపోయారు. ఎప్పటికో ఒకప్పటికి మనవాడొచ్చాడనుకున్నాం. గోడ మీద తాత విల్లు చూశారాయన. "అచ్ఛా, ఆప్ లోగ్ దూదేకుల హై?" అన్నారు. మేం మంచి ఉర్దూలోనే అవునని చెప్పాం. ఆ తరవాత ఆయన ఉర్దూ తగ్గింది, తెలుగు పెరిగింది. మసీదు కాస్త దూరమన్నారు. మసీదు అంతకుముందూ అంతే దూరంలో ఉంది.

ఇక మేం దాచుకోవాలనుకున్నదీ, దాచకూడనిదీ ఒకటుంది. ఒక దళిత క్రైస్తవ మాస్టారు, ఆయన భార్య వచ్చారు. వాళ్ళు ఇంటిని ఇల్లులా చూశారు. నుయ్యిలోకి తొంగిచూసి నీళ్ళు తియ్యనా అని అడిగారు. అరుగు మీద కూర్చుని సాయంత్రం ఎండ ఎక్కడ పడుతుందో చూసుకున్నారు. ముప్పయికి దిగారు. ఆ రాత్రి మా వీధిలో మావాళ్ళే ఒకాయన వచ్చాడు. నమాజీ. "వాళ్ళకిస్తారా? వీధిలో మేముండాలి కదా" అన్నాడు. ఏ మాట మా చెవుల్లో ఆర్నెల్లుగా మోగుతోందో అదే మాట, మావాడి నోట్లోంచి. అంతకుముందు రెండేళ్ళే అయింది, 2022 మే 24న అమలాపురంలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టొద్దని ఇళ్ళు తగలబెట్టి. అప్పట్లో మా మండలం కూడా చేరిన జిల్లా అది. పేరుకే ఇళ్ళు కాలిన చోట మనిషికి ఇల్లెవరిస్తారు? ఆయన్ని కూర్చోబెట్టి చెప్పాల్సినవి చెప్పాం. మాస్టారికే ఇస్తామన్నాం.

ఐనా ఆ బేరం జరగలేదు. ఈసారి కారణం కులమూ కాదు, మతమూ కాదు. కాయితాలు. మాది గ్రామకంఠం స్థలం. తాత ఎవరి దగ్గర కొన్నాడో నోటిమాటే తప్ప దస్తావేజు లేదు. పాత ఊళ్ళలో ఇది కొత్త సంగతి కాదు. చాలా ఇళ్ళకి ఇంటిపన్ను రసీదే దస్తావేజు. 2020 ఏప్రిల్‌లో కేంద్రం పెట్టిన స్వామిత్వ పథకం, డ్రోన్లు ఎగరేసి ఊరి ఇళ్ళు కొలిచి కార్డులివ్వడం, ఇదంతా ఈ చిక్కు కోసమే. మాస్టారిది బ్యాంకు లోను. లింకు డాక్యుమెంట్లు లేనిదే లోను లేదంది బ్యాంకు. ఆయన మా ఇంటికొచ్చి క్షమాపణ చెప్పి వెళ్ళాడు. చెప్పాల్సింది ఎవరు?

అందుకని అన్నిటికీ మతమే కారణమంటే అబద్ధమవుతుంది. ఇల్లు పోకపోవడానికి సగం కారణం మా అశ్రద్ధ. ఆ తరవాత మూడు నెలలు ఆ పని మీదే ఉన్నాం. పంచాయతీలో పాత పన్ను రసీదులు వెతికించాం. కరెంటు మీటరు నాన్న పేర ఎప్పుడు వచ్చిందో రాయించాం. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీశాం. అన్నయ్య మస్కట్‌లోని భారత రాయబార కార్యాలయానికెళ్ళి పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపాడు. పరాయిదేశంలో రాసిన ఆ కాయితం ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టకపోతే చెల్లదు. అదీ కట్టాం. అక్క, చెల్లెలు సంతకాలకి సిద్ధమన్నారు. ఇల్లు అమ్మాలనుకునేవాళ్ళెవరైనా ముందు చెయ్యాల్సిన పనులివి. రంగులు తరవాత.

ఐతే రంగుల గొడవ తేలలేదు. అన్నయ్య ఫోన్లో, "786 మీద ఉలి పడితే నా సంతకం వెనక్కి తీసుకుంటా" అన్నాడు. అక్క, "ఇల్లే పోతోంది, అంకెలు మిగిలి ఏం లాభం?" అంది. మేం మధ్యలో. పటం దింపించాం. అంకెల మీద సున్నం కొట్టించాం, చెక్కించలేదు. సిమెంటు ఎత్తుగా ఉంటుందిగా, సున్నం కింద నుంచి కనపడుతూనే ఉంది. అది కూడా మాలాగే ఉందనిపించింది.

2025 ఫిబ్రవరిలో ఒక ఆదివారం కొత్తపేట నుంచి ఒక కుటుంబం వస్తారని బ్రోకరు కబురు చేశాడు. ముందురోజు చెల్లెలు కాకినాడ నుంచి వచ్చింది. తెల్లారగట్ల చప్పుడైతే లేచి చూశాం. వాకిలూడ్చి, కళ్ళాపి జల్లి, వంగి ముగ్గేస్తోంది. నడుమ తామరపువ్వొచ్చే చుక్కల ముగ్గు. అమ్మదే. ముప్పయ్యేళ్ళుగా ఆ వాకిట్లో పడని ముగ్గు ఆ పిల్ల వేళ్ళలో ఎక్కడ దాక్కుందో. "బ్రోకరు మాటకి దిగావా?" అని అడిగాం. మా గొంతులో కాస్త ఎత్తిపొడుపు ఉంది, ఒప్పుకోవాలి. చెల్లెలు తలెత్తలేదు. "వాళ్ళ కోసం కాదు. అమ్మ గుమ్మంలో ఇదే ఆఖరుసారి కదా" అంది.

వచ్చినవాళ్ళు ముగ్గు చూసి మెచ్చుకున్నారు. కాఫీ తాగారు. గదులు తిరిగారు. ఇరవై ఎనిమిదికి సరే అనేలా ఉన్నారు. బ్రోకరు మమ్మల్ని రావద్దన్నాడు గానీ వెళ్ళాం. పేర్లడిగారు. చెప్పాం. ఆవిడ ముగ్గుకేసి చూసి, మా చెల్లెలికేసి చూసింది. మోసపోయినట్టు చూసింది. మా అమ్మ ముగ్గు మేమెవరి దగ్గరో దొంగిలించినట్టు. ఆయన గ్లాసు కింద పెట్టి, "వాస్తు చూపించుకుని చెప్తాం" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక చెల్లెలు నీళ్ళు పోసి ముగ్గు చెరిపేసింది. ఈసారి చెరపమని చెప్పినవాళ్ళెవరూ లేరు.

ఆ సాయంత్రం నుయ్యి దగ్గర పక్కింటి పిన్ని మాట కలిపింది. డెబ్భై దాటిన మనిషి. మా అమ్మా ఆవిడా నలభయ్యేళ్ళు ఒకే గిలకతో నీళ్ళు తోడుకున్నారు. "ఏరా, ఎంతకి పోతుందంటున్నారు?" అంది. చెప్పాం. కాసేపు తాడు చుట్టుకుంటూ ఊరుకుంది. "మమ్మల్ని ఒక్కమాట అడిగారా మీరు?" అంది.

మాకు నోటమాట రాలేదు.

ఇస్లాం ధర్మంలో శుఫా అని ఒకటుంది. ఇల్లో పొలమో అమ్మేటప్పుడు వాటాదారుడికీ, ఆ తరవాత పొరుగువాడికీ మొదటి హక్కు. వాళ్ళు వద్దన్నాకే బయటివాడికి. పొరుగువాడి కోసం అలా కోర్టుకెక్కడం చెల్లదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐతే చట్టం సంగతి వేరు, మర్యాద సంగతి వేరు. శుఫా మీద ఒకసారి ఆదివారం పేజీకి వ్యాసం రాసినవాళ్ళం మేం. పొరుగువాడంటే ముస్లిమనే నియమం లేదని అందులో మేమే రాశాం. తీరా మా ఇల్లొచ్చేసరికి బ్రోకరుని అడిగాం, మండపేటనడిగాం, రాజమండ్రినడిగాం. గోడవతల మనిషిని అడగలేదు. ఎందుకడగలేదు? వాళ్ళు కూడా కొనరనుకున్నాం. వాళ్ళ నోటంట ఆ మాట వినాల్సొస్తే తట్టుకోలేమని అడగలేదు. కొత్తపేటవాళ్ళంటే కొత్తవాళ్ళు. పిన్ని కాదంటే అమ్మ నలభయ్యేళ్ళు అబద్ధమైపోతాయి.

"మరి మీరైనా అడగచ్చుగా పిన్నీ?"

"ఎలా అడుగుతాంరా? రోజులెలా ఉన్నాయి? మేం నోరు తెరిస్తే, మిమ్మల్ని ఊళ్ళోంచి పంపించెయ్యడానికి కాచుక్కూచున్నామనుకోరూ? అందుకే మావాడితో అన్నాను, వాళ్ళంతట వాళ్ళు అడిగేదాకా ఎత్తొద్దని."

పదహారు నెలల్లో మాకు దొరికిన సంగతి ఇది. మేం వాళ్ళకి భయపడి అడగలేదు. మేం భయపడుతున్నామని భయపడి వాళ్ళడగలేదు. మధ్యలో ఉన్నది నాలుగంగుళాల పిట్టగోడ.

పిన్ని కొడుకు ఇరవై ఏడు లక్షలన్నాడు. బ్యాంకు లోను అక్కర్లేదు, తాత కొన్న సంగతి వాళ్ళకి తెలుసు, హద్దులు వాళ్ళవే. చెల్లెలి వంతు నాలుగున్నర లక్షలు. అప్పు తీరి, కొడుకు ఆఖరు ఏడాది ఫీజు పోను కాస్త మిగిలింది. రిజిస్ట్రేషను రోజు సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పిన్ని మా అక్క చెయ్యి పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చాక గుమ్మం ముందు నిలబడి పైకి చూసి, "ఈ సున్నం ఎందుకు కొట్టారర్రా? బాగుండేది కదా" అంది. ఏం చెప్పాలో తెలీలేదు.

ఇక్కడితో ఆపితే మీకు హాయిగా ఉంటుంది. ఊళ్ళు మంచివే, మనుషులు మంచివాళ్ళే, అంతా మన అనుమానమే అనుకుని పుస్తకం మూసెయ్యచ్చు. అలా మూసెయ్యకండి. పిన్ని ఒక్కత్తి కొన్నంత మాత్రాన కొత్తపేట ఆవిడ చూపు మా చెల్లెలి కళ్ళలోంచి పోదు. ముప్పయి రెండుకీ ఇరవై ఏడుకీ మధ్య అయిదు లక్షల్లో నూతికెంత, పాత పెంకులకెంత, లేని దస్తావేజుకెంత, మా పేర్లకెంత? ఆ లెక్క ఏ సబ్ రిజిస్ట్రారూ రాసివ్వడు. అలాగే మా మీది లెక్కా ఉంది. దళిత మాస్టారి గురించి మావాడన్న మాటకి వెల ఎంత? గోడవతల అడక్కుండా పదహారు నెలలు కూర్చున్నందుకు ఎంత?

ఇంకో సంగతి. పిన్ని కొడుకు ఇల్లు ఉంచడు. కూతురి కోసం అక్కడ స్లాబు ఇల్లు లేపుతాడు. దాపరికం లేకుండా ముందే చెప్పాడు. వచ్చే వేసవికి అరుగు, గుమ్మం, 786, గడప అన్నీ పోతాయి. నుయ్యి మాత్రం ఉంచుతానన్నాడు. వద్దనడానికి మేమెవరం? ఇల్లు వాళ్ళది.

తాత విల్లు మేం తెచ్చుకున్నాం. హైదరాబాదులో మా అద్దెవాటా గోడకి వేలాడుతోంది. మొన్న ఇంటావిడ అద్దెకొచ్చి, "ఇదేంటండీ, వీణా?" అని అడిగింది. ఈ వాటా దొరకడానికి ముందు పద్నాలుగు గుమ్మాలెక్కాం. అందులో ఎన్నిచోట్ల పేరు చెప్పగానే వాటా అప్పటికే ఇచ్చేశామన్నారో అది వేరే కథ. దూది ఏకే విల్లని చెప్పాం. మా తాత దూదేకుల సాయిబని చెప్పాం. మాది గోదావరి గట్టున కపిలేశ్వరపురమని చెప్పాం.

ఈసారి ముందే చెప్పాం.